తాడు వదిలినోడు

గవ్వలపేట అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో, ఒక్క మాట కూడా పడని రోషమే మగవాడి గొప్పతనమని నమ్మే నూకాలు అనే ఎండుచేపల బేరగత్తె ఉండేది. ఎవడైనా చిన్నమాట అంటే చాలు, చొక్కా చేతులు పైకి మడిచేవాణ్ణి ఆమె వెనకేసుకొచ్చేది. విని ఊరుకున్నవాణ్ణి చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. ఇదేదో ఆమె ఇంటి వ్యవహారమైతే మనకెందుకు? కాని ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆమె మాటంటే గురి. నూకాలు ఎవరికి చెయ్యెత్తమంటే వాళ్లకే ఎత్తేవారు. అందుకని ఆమె పొరపాటు పడితే ఊరంతా పడినట్టే.

ఆ ఏడు మత్స్యకారుల సంఘానికి కొత్త ప్రెసిడెంటును ఎన్నుకోవలసి వచ్చింది. పాత ప్రెసిడెంటుకు చూపు మందగించి, ఇక నావల్ల కాదన్నాడు. గవ్వలపేటలో ప్రెసిడెంటు అంటే కుర్చీలో కూర్చుని దండలు వేయించుకునే మనిషి కాదు. సముద్రం తిక్కగా ఉన్న రోజున ఒడ్డున ఎర్రజెండా ఎగరేయాలా వద్దా అని తేల్చేది అతనే. జెండా ఎగిరితే పడవలన్నీ ఇసుక మీదే. దిగితే పడవలన్నీ నీళ్ల మీద. అంటే ఊళ్లో మగవాళ్ల ప్రాణాలన్నీ అతని నోటిమాట మీద ఉండేవన్నమాట.

పోటీకి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు ఎల్లాజీ. నిటారుగా ఉండేవాడు, మీసం దువ్వేవాడు, అతని గొంతు అవతలి పేట దాకా వినిపించేది. నూకాలుకు వరసకు మేనల్లుడు. చేపల వేలంలో ఒక బేరగాడు వెటకారంగా నవ్వాడని అతని గంప ఎత్తి సముద్రంలో పారేసిన ఘనుడు. గంపలో చేపలు ఎల్లాజీవే అన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. అయినా ఊరు ఆ కథను మురిసిపోతూ చెప్పుకునేది.

రెండోవాడు దానయ్య. ఇతని గురించి ఊరు చెప్పుకునే కథ వేరు. చాలా ఏళ్ల కిందట గాలివానలో, నీళ్లు నిండిన వల బరువుకు పడవ ఒరిగిపోతుంటే, దానయ్య వల తాడు వదిలేసి పడవలోని వాళ్లందరినీ ఒడ్డుకు తెచ్చాడు. వల సముద్రం పాలైంది. బతికొచ్చినవాళ్లు కొన్నాళ్లు దండాలు పెట్టారు. గాలివాన భయం తగ్గిపోయాక మెల్లగా నవ్వులు మొదలయ్యాయి. గవ్వలపేటలో తాడు వదలడం అంటే బెదిరి పారిపోవడం. అంతకంటే పెద్ద తిట్టు అక్కడ లేదు. దానయ్యకు 'తాడు వదిలినోడు' అన్న పేరు అలా అంటుకుని, మరి వదల్లేదు. ఆ పేరుతో పిలిచినా అతను పలికేవాడు. అదే నూకాలుకు అసహ్యం.

ఇక ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ప్రెసిడెంటు పదవికి నిలబడ్డ ప్రతివాడూ ఒక రోజు ఊరందరి ముందు అలివి వల లాగించాలి. అలివి వలంటే చాలా పెద్ద వల. పడవలో తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ దింపి, దాని రెండు చివరల తాళ్లనూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడునూ ఒక్కో జట్టు భుజాన వేసుకుని, సముద్రానికి వీపు తిప్పి లాగుతుంది. రెండు జట్లకూ సముద్రం కనబడదు. కాబట్టి వాళ్ల మధ్య ఒక పెద్ద నిలబడి, సముద్రం వైపు చూస్తూ, ఎప్పుడు లాగాలో ఎప్పుడు ఆగాలో తువ్వాలు ఊపి చెబుతాడు. వల నడుమ పెద్ద సంచి ఉంటుంది. చేపలన్నీ చేరేది అందులోనే. ఆ సంచి వెనకాల ఒక మనిషి ఈదుతూ వస్తాడు. సంచి ఏ రాతికో పట్టుకుంటే చెయ్యెత్తుతాడు. అప్పుడు తాళ్లు వదులు చెయ్యాలి. అతను మునిగి సంచిని విడిపించి పైకి వచ్చేదాకా ఎవరూ లాగకూడదు.

ఇంతవరకూ ఏ ఊళ్లోనైనా ఉండేదే. గవ్వలపేటలో విడ్డూరం ఏమిటంటే, వల లాగుతున్నంతసేపూ ఊరి ఆడవాళ్లు ఒడ్డున వరసగా నిలబడి ఆ పెద్దను నోటికొచ్చినట్టు దెప్పుతారు. అతని నడక, అతని ముక్కు, అతని అత్తవారిల్లు, దేన్నీ విడిచిపెట్టరు. దీన్ని 'దెప్పుల వల' అనేవారు. ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎవడు మొనగాడిలా తిరిగి జవాబిస్తే వాడే గెలిచినట్టని అందరూ అనుకునేవారు. పొరుగూళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు. వల వైపు ఎవరూ చూసేవారు కాదు. దెప్పడంలో నూకాలును మించినవాళ్లు ఆ తీరంలోనే లేరని పేరు.

మొదటి రోజు దానయ్య వంతు. ఒడ్డంతా తిరనాళ్లలా ఉంది. బజ్జీల బండ్లు కూడా వచ్చాయి. దానయ్య తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, రెండు తాళ్ల మధ్య నిలబడి, సముద్రం వైపు చూశాడు. అంతే, ఇక తల తిప్పలేదు. ఆడవాళ్లు మొదలుపెట్టారు. ఒకామె అతని బట్టతలను అందుకుంది. ఇంకొకామె అతను పెళ్లాం చీర ఉతుకుతుండగా చూశానంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. దానయ్య తువ్వాలు ఊపాడు. జట్లు లాగాయి. తువ్వాలు దించాడు. జట్లు ఆగాయి.

నూకాలుకు ఇది నచ్చలేదు. రాయి మీద నీళ్లు పోసినట్టుంది ఆమెకు. రెండడుగులు ముందుకు వచ్చి, గొంతెత్తి, దాచుకున్న మాట వదిలింది.

"ఓ తాడు వదిలినోడా, నీకు కళ్లు కూడా పోయినాయేటి? నీ ఎడమ తాడు జారిపోతన్నాది, సూసుకో."

ఒడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. దానయ్య ఎడమ వైపు చూశాడు. నిజంగానే ఎడమ జట్టు వెనకబడింది. తాడు వదులై వల ఒక పక్కకు ఒరుగుతోంది. అతను కుడి జట్టును ఆపి, ఎడమ జట్టును నాలుగు అడుగులు లాగించి, వలను సమం చేశాడు. తర్వాత సముద్రం మీంచి చూపు తియ్యకుండానే అన్నాడు.

"బాగా సెప్పినావు వదినా. నాను సూడలేదు."

దానికి జనం ఇంకా నవ్వారు. తిట్టించుకుని పైగా మెచ్చుకున్నాడే అని చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. నూకాలు నవ్వలేదు. ఆమెకు సిగ్గేసింది, అతని తరఫున. ఇలాంటివాడికా మా పిల్లల ప్రాణాలు అప్పగించేది అని ఉమ్మేసింది. వల నిండుగా ఒడ్డుకు చేరింది. సంచిలో వెండిలా చేపలు తళతళలాడాయి. సంచి వెనక ఈదినవాడు ఒంటి మీద గీత లేకుండా బయటికొచ్చి బజ్జీలు తింటూ కూర్చున్నాడు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

మర్నాడు ఎల్లాజీ వంతు. తెల్లారేసరికే ఒడ్డు నిండిపోయింది. ఎల్లాజీ ఎర్ర తలపాగా చుట్టుకుని వస్తుంటే కుర్రాళ్లు ఈలలు వేశారు. ఆరోజు వల వెనక ఈదే వంతు సింహాచలానిది. సింహాచలం నూకాలు ఒక్కగానొక్క కొడుకు. తండ్రి పోయాక, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి ఆమె పెంచుకున్న బిడ్డ. నీళ్లలో దిగే ముందు వాడు అమ్మ వైపు చూసి నవ్వాడు. ఇవాళ బావను కాస్త చూసి తిట్టమని చెప్పి మరీ వెళ్లాడు.

నూకాలు అందుకు పూర్తిగా విరుద్ధమైన ఆలోచనలో ఉంది. మేనల్లుడు మెరవాలంటే తిట్టు గట్టిగా పడాలి. తిట్టు ఎంత ఘాటుగా ఉంటే జవాబు అంత ఘాటుగా వస్తుంది. అందుకని ఆమె ముందురోజే ఆడవాళ్లను కూడగట్టి ఒక పాట నేర్పింది. పాటంటే పెద్ద పాటేం కాదు. అందరూ చప్పట్లు కొడుతూ 'తాడు వదులు ఎల్లాజీ, తాడు వదులు' అనాలి, అంతే. నువ్వూ దానయ్యలాంటివాడివేలే అని దెప్పడమన్నమాట. గవ్వలపేటలో ఏ మగవాడి చెవినైనా ఆ మాట పడితే నిప్పు తొక్కినట్టే.

వల దిగింది. లాగుడు మొదలైంది. మొదట్లో ఎల్లాజీ సముద్రం వైపే చూస్తూ బాగానే లాగించాడు. ఒకామె అతని మీసాన్ని చీపురన్నది. ఎల్లాజీ తల వెనక్కి తిప్పి, ఆ చీపురుతో నీ ఇంట్లో బూజు దులిపిస్తానన్నాడు. ఒడ్డు దద్దరిల్లింది. ఇంకొకామె ఇంకొకటన్నది. ఈసారి ఎల్లాజీ ఒళ్లంతా తిప్పాడు. జవాబు ఇంకా బాగా పేలింది. నూకాలు పొంగిపోయింది. ఇదీ మగతనం, ఇదీ రోషం అని పక్కవాళ్ల భుజాలు చరిచి, పాట అందుకోమని సైగ చేసింది.

"తాడు వదులు ఎల్లాజీ, తాడు వదులు!"

ఎల్లాజీ మొహం కందగడ్డ అయింది. అతను సముద్రానికి పూర్తిగా వీపు తిప్పి, ఆడవాళ్లకు ఎదురుగా నిలబడి, తువ్వాలు గిరగిరా తిప్పుతూ లాగండిరా అని అరిచాడు. జట్లు జోరుగా లాగాయి. పాట జోరందుకుంది. చప్పట్లు జోరందుకున్నాయి. ఆ క్షణాన ఒడ్డున ఉన్న వందలాది జనంలో సముద్రాన్ని చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. అందరి కళ్లూ ఎల్లాజీ మీదే ఉన్నాయి.

కొడుకు ఎంతవరకు వచ్చాడో చూద్దామని నూకాలు మాత్రం చప్పట్లు కొడుతూనే అటు చూసింది. వలను నీళ్లపై తేల్చే బెండ్ల అవతల సింహాచలం చెయ్యెత్తి ఉన్నాడు. సంచి రాతికి పట్టుకుంది. వాడు చెయ్యి ఊపాడు. మళ్లీ ఊపాడు. తాళ్లు వదులు చేస్తారనే నమ్మకంతో ఊపిరి బిగబట్టి మునిగాడు. తాళ్లు వదులు కాలేదు. బెండ్ల వరస ఒక్క ఊపున ముందుకు దూకింది. నీళ్లలోంచి ఒక కాలు పైకి లేచి, తాడు చుట్టుకుని, మళ్లీ లోపలికి పోయింది.

నూకాలు గొంతు చించుకుని అరిచింది.

"తాడు వదులు ఎల్లాజీ! తాడు వదులు!"

ఏం లాభం? ఆమె నేర్పిన పాటే అది. పక్కనున్న ఆడవాళ్లు ఆమె ఊపు చూసి హుషారై ఇంకా గట్టిగా అందుకున్నారు. కుర్రాళ్లు కూడా కలిశారు. ఆమె ఏడుస్తోందని ఎవరికీ తెలియలేదు. ఆమె ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తి ఎల్లాజీ చేతిలో తువ్వాలు పట్టుకుంది. సముద్రం వైపు వేలు చూపించింది. మాట రాక మళ్లీ అదే మాట అంది. ఎల్లాజీ ఆ వేలు చూడలేదు. ఆ మాట ఒక్కటే విన్నాడు.

"ఎల్లత్తా ఎల్లు," అన్నాడు తువ్వాలు లాక్కుంటూ. "సచ్చినా నాను తాడొదిలేవోణ్ణి కాను."

నూకాలు అక్కడ ఆగలేదు. ఎడమ జట్టు చివర దానయ్య ఉన్నాడు. తన వంతు అయిపోయాక అందరిలాగే వచ్చి తాడు పట్టుకున్నాడు. ఆమె వెళ్లి అతని ముందు నిలబడింది. ఆ మనిషిని నిన్ననే ఊరందరి ముందు ఏ మాటతో కొట్టిందో, ఇప్పుడు ఆమె నోట్లో ఆ మాట తప్ప ఇంకో మాట లేదు.

"దానయ్యా, తాడు వదులు," అంది. "తిట్టు కాదు. నా బిడ్డ."

దానయ్య ఆమె మొహం చూశాడు. తల తిప్పి సముద్రం చూశాడు. తాడు వదిలేశాడు. వదిలేయండ్రా అని కేక వేశాడు. ఎడమ జట్టు తటపటాయించింది. ఎల్లాజీ తువ్వాలు ఊపుతుంటే వదలడం ఎలా? ఆ జట్టులో, ఆనాటి గాలివానలో దానయ్య ఒడ్డుకు తెచ్చిన ముసలాయన ఒకడున్నాడు. ఆయన ముందు వదిలాడు. ఆయన్ను చూసి అందరూ వదిలారు. ఎడమ తాడు బుసకొడుతూ నీళ్లలోకి జారిపోయింది.

కుడి తాడు ఇంకా బిగువుగానే ఉంది. దానయ్య అటు పరిగెత్తాడు. ఎల్లాజీ దారికడ్డంగా వచ్చి అతని బనీను పట్టుకున్నాడు. నా వల చెడగొట్టడానికే వచ్చావు కదరా, నీ పిరికితనం నాకూ అంటించాలనే కదరా అని ఊగిపోయాడు. పక్కవాళ్లు కూడా దానయ్యను నోటికొచ్చినట్టు అన్నారు.

"సాయంత్రం దాకా తిట్టు అల్లుడా, పడతాను," అన్నాడు దానయ్య. "ముందు సముద్రం సూడు."

ఎల్లాజీ చూడలేదు. దానయ్య ఒక్క గుంజు గుంజుకున్నాడు. బనీను చినిగి ఎల్లాజీ చేతిలో ఉండిపోగా, కుడి జట్టు దగ్గరికి దూకి, మొలలోని కత్తి తీసి కుడి తాడు కోసేశాడు. తాడు తెగి జట్టు మొత్తం ఇసుకలో బోర్లాపడింది. పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో జనం మొదటిసారి సముద్రం వైపు చూశారు. అక్కడ బెండ్లు తప్ప ఏమీ లేవు.

దానయ్య అప్పటికే నీళ్లలో ఉన్నాడు. వెనకాలే మరి నలుగురు దూకారు. అలలు వాళ్లను వెనక్కి నెట్టాయి. నూకాలు నడుము లోతు నీళ్లలో నిలబడి, నోరు మూసుకుని, రెండు చేతులూ జోడించింది. ఆ నోరు అంతసేపు మూతబడడం ఊరు ఎన్నడూ చూడలేదు. బెండ్ల మధ్య ముందు దానయ్య తల లేచింది. తర్వాత అతని భుజం మీద ఇంకో తల లేచింది. ఆ తల దగ్గింది. సింహాచలం బతికే ఉన్నాడు.

వల చిరిగింది. చేపలు పోయాయి. సింహాచలం కాలి మీద తాడు ఒరుసుకున్న మచ్చ మాత్రం మిగిలిపోయింది.

మర్నాడు చేపల వేలం వేసే రేకుల కొట్టంలో ఊరంతా చేరింది. ప్రెసిడెంటును ఎన్నుకునేది అక్కడే. మీరనుకుంటారు, ఇంత జరిగాక ఎల్లాజీకి ఎవరు చెయ్యెత్తుతారని. అలా అనుకోకండి. ఎల్లాజీ లేచి, తన వలను కుట్రతో కోశారని గర్జించాడు. కుర్రవాడు బతికినందుకు సంతోషమే గాని, తాను చివరిదాకా తాడు వదల్లేదని ఊరు గుర్తుంచుకోవాలన్నాడు. సగం కొట్టం చప్పట్లు కొట్టింది. ఎంత రోషం, ఎంత రోషం అని వెనక వరసల్లో అనుకున్నారు. దానయ్య ఒక మూల కూర్చుని సింహాచలం కాలికి పసుపు కడుతున్నాడు. ఆడవాళ్లు నూకాలు మొహం చూశారు. ఎటు చెయ్యెత్తాలో ఆమే చెప్పాలి.

నూకాలు లేచింది.

"ఒరే అల్లుడా," అంది, "నిన్న నాను నీ సేతిలో తువ్వాలు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో సూసినావా?"

"నువ్వు తాడు వదలమని దెప్పినావు. నాకు రోషం రాదేటి?"

"వచ్చింది. అదొక్కటే వచ్చింది. నా బిడ్డ సెయ్యెత్తితే మాత్రం నీకు కనబడలేదు."

ఎల్లాజీ మీసం మీద చెయ్యేశాడు. నూకాలు జనం వైపు తిరిగింది. రేపు సముద్రం పొంగుతుంది, ఎర్రజెండా ఎగురుతుంది, సంతలో ఎవడో బేరగాడు గవ్వలపేట వాళ్లు పిరికివాళ్లని నవ్వుతాడు, అప్పుడు ఎల్లాజీ జెండా దింపి మీ మొగుళ్లనూ బిడ్డలనూ నీళ్లలోకి పంపుతాడు, అంది.

"అప్పుడు మనకి పెసిడెంటు ఎవుడు? ఈడా, ఆ బేరగాడా?"

నూకాలు అంతటితో ఆగలేదు. మొదటి రోజు తాను దానయ్యను తిట్టానని, ఆ తిట్టులో ఎడమ తాడు సంగతి ఒకటి ఉందని, అతను తిట్టు పక్కన పెట్టి తాడు సంగతి తీసుకున్నాడని చెప్పింది. దెప్పుల వల మన నోటి దురద తీరడానికి పెట్టింది కాదర్రా అంది. ఎవడు బాగా తిరగబడతాడో చూడడానికి కాదు, ఎంత తిట్టినా ఎవడి చూపు సముద్రం మీంచి కదలదో చూడడానికి పెద్దలు పెట్టారు. మనం వలను వదిలేసి వెటకారాలు చూస్తూ కూర్చున్నాం. అందరికంటే ఎక్కువగా తానే కూర్చున్నానని చెప్పి, ఆమె దానయ్య వైపు చెయ్యెత్తింది. ఒక్కొక్క చెయ్యే లేచింది. చివరికి సింహాచలం కాలు పట్టుకున్న దానయ్య చేతులు, మీసం మీదున్న ఎల్లాజీ చెయ్యి తప్ప అన్నీ లేచాయి.

కొంతసేపటికి ఎల్లాజీ చెయ్యి కూడా మీసం మీంచి దిగింది. పూర్తిగా లేవలేదు గాని, దిగింది. అదీ మెచ్చుకోవలసిందే.

ఆ వానాకాలంలోనే దానయ్య ఎర్రజెండా ఎగరేశాడు. ఆకాశం అప్పటికి నిర్మలంగానే ఉంది. గాలి తిరిగిన తీరే అతనికి నచ్చలేదు. పొరుగూరి వాళ్లు పడవల్లో వెళుతూ గవ్వలపేట ఒడ్డు వైపు తిరిగి, తాడు వదిలినోళ్లు అని కేకలు వేశారు. దానయ్య వాళ్లకు వెనక్కి రండి, గాలి బాగాలేదని తువ్వాలు ఊపి చెప్పాడు. వాళ్లలో సగంమంది వెనక్కి వచ్చారు. సాయంత్రానికి సముద్రం కొండలా లేచింది. మిగతా సగం కోసం పొరుగూరి ఒడ్డున జనం మర్నాడు కూడా ఎదురుచూస్తూ నిలబడ్డారు. గవ్వలపేటలో మాత్రం అన్ని ఇళ్లలోనూ అందరూ కూర్చుని అన్నం తిన్నారు.

నూకాలు మారిపోయి మంచిమాటలు నేర్చుకుందనుకుంటున్నారా? లేదు. రోజూ దానయ్యను ఏదో ఒకటి అనేది. అతను అంతా విని, ఇందులో నాకు పనికొచ్చేది ఏదైనా ఉందా వదినా అని అడిగేవాడు. ఉంటే చెప్పేది. ఊళ్లో పిల్లవాడెవడైనా మంచిపని చేస్తే మాత్రం ఆమె వాడి తల నిమిరి, నువ్వు అచ్చం తాడు వదిలినోడివిరా అని మెచ్చుకునేది.

నీతి: తిట్టులో దాగిన నిజాన్ని కూడా ఏరుకోగలిగినవాడికే అధికారం అప్పగించాలి; ఒక్క మాటకే రెచ్చిపోయేవాడికి అప్పగిస్తే, అది అతని చేతిలో ఉండదు, అతన్ని రెచ్చగొట్టినవాడి చేతిలోకి పోతుంది.